మీ వీధిలో గుడ్లగూబని ఎలా కనిపెట్టాలి, ఎలా గమనించాలి

గుడ్లగూబని చూడాలంటే ఏ నల్లమల అడవికో పోవాలనుకుంటారు చాలామంది. అక్కర్లేదు. ముసలి చింతచెట్టో, తొర్రలున్న వేపచెట్టో, పాడుబడిన ఇల్లో ఉన్న వీధి అయితే అక్కడ ఒక జత గూబలు కాపురం ఉండే అవకాశం బాగా ఎక్కువ. రోజూ మీరు డాబా మీద బట్టలు తీసుకునే వేళకి అవి నిద్ర లేస్తుంటాయి. అయినా మీ కంటపడవు, ఎందుకంటే మీరు వాటిని కళ్లతో వెతుకుతారు. గూబని ముందు చెవితో పట్టాలి, ఆ తర్వాత నేల మీద వెతకాలి, కంటికి పని ఆఖర్న.

సామాను పెద్దగా ఏం వద్దు. ఒక చిన్న టార్చి, దాని ముందు రబ్బరు బ్యాండు వేసి బిగించడానికి ఎర్రటి పారదర్శక కాగితం, ఒక నోటుపుస్తకం. బైనాక్యులర్స్ ఉంటే సుఖం, లేకపోయినా పని ఆగదు.

ముందు నాలుగు గూబల్ని తెలుసుకోండి

మన దగ్గర రకాలు ఇంకా ఉన్నాయి గానీ, మొదట్లోనే అన్నీ నేర్చుకోబోతే ఏదీ గుర్తుండదు. నాలుగు చాలు.

ఒకటి, ఊళ్లలో అందరికంటే ఎక్కువగా కనిపించే చిన్న గూబ. పుస్తకాల్లో స్పాటెడ్ ఔలెట్ అంటారు, కొన్నిచోట్ల పైడికంటి అంటారు. పొడవు 21 సెంటీమీటర్లు, అంటే గోరువంక కంటే కాస్త తక్కువే, కాకపోతే బొద్దుగా, తల గుండ్రంగా ఉంటుంది. బూడిద కలిసిన గోధుమరంగు ఒంటి మీద తెల్ల చుక్కలు, పసుపుపచ్చ కళ్లు, వాటి పైన తెల్లటి కనుబొమలు. ఒంటరిగా తక్కువ, జతగా ఎక్కువ ఉంటుంది. పగలు కూడా తొర్ర అంచున కూర్చుని ఎండ కాచుకుంటుంది కాబట్టి కొత్తవాళ్లకి ఇదే మంచి గురువు.

రెండోది తెల్లగూబ, అంటే బార్న్ ఔల్. హృదయాకారంలో తెల్లటి ముఖం, నల్లటి కళ్లు, పొడుగాటి కాళ్లు. వీపు బంగారు, బూడిద రంగులు కలిసినట్టు ఉంటుంది, పొట్ట తెలుపు. గుడి గోపురాలు, పాత గోడౌన్లు, దిగుడు బావులు, అపార్ట్‌మెంట్ల డక్టులు దీని చిరునామాలు. పాపం దీనికి చావుపిట్ట అనే పేరు కూడా తగిలించారు.

మూడోది కొండగూబ, ఇండియన్ ఈగిల్ ఔల్. అర మీటరు పైనే పొడవు, తల మీద కొమ్ముల్లా నిక్కిన ఈకలు, నారింజ రంగు కళ్లు. రాతిగుట్టలు, వాగు ఒడ్లు, పాడుబడిన క్వారీలు దీని ఇష్టమైన చోట్లు. తెలంగాణ, రాయలసీమ గుట్టల్లో ఉన్నవాళ్లకి ఇది పొరుగు పిట్ట కిందే లెక్క. తల మీద ఆ కొమ్ములు చెవులు కావు, ఉత్త ఈకలు. అసలు చెవి రంధ్రాలు ముఖం పక్కన ఈకల చాటున ఉంటాయి.

నాలుగోది మామిడితోటల గూబ, మాటిల్డ్ వుడ్ ఔల్. కొమ్ముల్లేని గుండ్రటి తల, ముదురు రంగు కళ్లు, ముఖం మీద ఒకదాని చుట్టూ ఒకటిగా సన్నటి వలయాలు. పాత మామిడి, చింత తోపులున్న ఊళ్లలో దొరుకుతుంది. చెట్టు బెరడు రంగులో కలిసిపోతుంది కాబట్టి కళ్ల ముందే ఉన్నా కనపడదు.

ఆడ గూబ సాధారణంగా మగదానికంటే పెద్దది. జతని పక్కపక్కన చూసినప్పుడు ఇది గుర్తుంచుకుంటే ఎవరెవరో ఊహించుకోవచ్చు.

మొదటి పని: వినడం

పొద్దుగూకే వేళకి డాబా ఎక్కండి. ఫోను సైలెంట్‌లో పెట్టి జేబులో వేసుకోండి. సూర్యాస్తమయం తర్వాత అరగంట ముఖ్యం. చలికాలం నుంచి ఎండలు ముదిరే దాకా అన్నిటికంటే మంచి సీజన్, ఎందుకంటే మన గూబల్లో చాలావాటికి అది గుడ్లు పెట్టే కాలం. జతలు పిలుచుకుంటాయి, హద్దుల కోసం పోట్లాడుకుంటాయి, పైగా ఆకు రాలిన చెట్లలో చూపు ఆనుతుంది.

చిన్న గూబ అరుపు కర్కశంగా, గొడవపడుతున్నట్టు ఉంటుంది. "చిర్ర్... చిర్ర్" అని మొదలై "చీవక్ చీవక్" అని ముగుస్తుంది. ఒకటి మొదలుపెడితే రెండోది అందుకుంటుంది. ఇన్నాళ్లూ ఏదో పిట్టల గోల అని వదిలేసిన శబ్దం ఇదేనని తెలిసి ఆశ్చర్యపోతారు.

తెల్లగూబ కూయదు, కీచుమంటుంది. పాతగుడ్డ పర్రున చింపినట్టు పొడుగాటి బొంగురు అరుపు, అదీ నెత్తి మీదుగా ఎగురుతూ. అర్ధరాత్రి హఠాత్తుగా వింటే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది, అందులో సిగ్గుపడాల్సింది లేదు. కొండగూబది లోతైన గొంతు: "బు... బూ" అని రెండే అక్షరాలు, రెండోది సాగుతుంది. గుట్ట మీద నుంచి చాలా దూరం వినిపిస్తుంది. మామిడితోటల గూబ వణుకుతున్న గొంతుతో పెద్దగా "చుహువా..." అంటుంది. మన ఊళ్లలో దయ్యాల తోపులని పేరుపడ్డవాటిలో కొన్నిటి వెనక ఈ పిట్టే ఉంటుందని నా నమ్మకం. ఇవేవీ కాకుండా ఒక మెత్తటి "వక్" అనే చప్పుడు కొన్ని సెకన్లకి ఒకటి చొప్పున, విసుగు లేకుండా వస్తుంటే, కప్ప అనుకోకండి. అది స్కాప్స్ ఔల్ అనే మరో చిన్న గూబ కావచ్చు.

రాత్రి అరిచే ప్రతిదీ గూబ కాదని కూడా తెలియాలి. చెరువుగట్ల మీద, పొలాల్లో రాత్రిళ్లు గోల చేసే తీతువుని గూబ అనుకునేవాళ్లు బోలెడుమంది. అనుమానం ఉంటే మెర్లిన్ యాప్‌లోగానీ, జెనో-కాంటో వెబ్‌సైట్‌లోగానీ రికార్డింగులు విని పోల్చుకోండి. కాకపోతే ఇంట్లోనే వినండి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని. చెట్టు కింద నిలబడి స్పీకర్లో అరుపు వినిపిస్తే గూబ వస్తుంది, నిజమే. పరాయి గూబ తన హద్దులోకి వచ్చిందని టెన్షన్ పడి వస్తుంది. గుడ్ల మీద ఉన్న పక్షి అయితే గూడు వదిలేసి వస్తుంది. ఫోటో కోసం ఆ పని చేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అరుపు ఏ దిక్కు నుంచి వచ్చిందో, ఎన్ని గంటలకో రాసుకోండి. రెండు మూడు సాయంత్రాలు రాస్తే అన్నీ ఒకే చెట్టుని చూపిస్తాయి.

రెండో పని: పొద్దున్నే ఆ చెట్టు కింద నేల చూడటం

చెట్టు తెలిశాక తల పైకెత్తకండి, కిందికి చూడండి. కొమ్మల మీద, గోడ మీద, నేల మీద సున్నం చిలికినట్టు తెల్లటి రెట్ట కనిపిస్తే దాని సూటిలో పైన కూర్చునే చోటు ఉందన్నమాట. ఆ రెట్ట దగ్గరే ముదురు రంగులో, బొటనవేలంత ఉండలు పడి ఉన్నాయేమో చూడండి. అసలు సంగతంతా వాటిలో ఉంది.

గూబ ఎలకని నమిలి తినదు, చాలాసార్లు గుటుక్కున మింగేస్తుంది. కండ అరుగుతుంది, బొచ్చు, ఎముకలు అరగవు. కొన్ని గంటలయ్యాక వాటిని ఉండలా చుట్టి నోటితో కక్కేస్తుంది. అది రెట్ట కాదు, ఎండిపోయాక పెద్దగా వాసన కూడా ఉండదు. తెల్లగూబ ఉండ తాజాగా ఉన్నప్పుడు నల్లగా, వార్నిష్ వేసినట్టు మెరుస్తూ ఉంటుంది. పాతబడే కొద్దీ బూడిదరంగు తిరిగి పొడి అవుతుంది. కాబట్టి మెరిసే ఉండ దొరికితే పక్షి ఇంకా అక్కడే ఉంటున్నట్టే.

చేతికి గ్లవుజో, ప్లాస్టిక్ కవరో వేసుకుని ఒక ఉండ తెచ్చుకోండి. రెండు రోజులు ఎండలో పెట్టి, గోరువెచ్చటి నీళ్లలో కాసేపు నానబెట్టి, పళ్లు కుట్టుకునే పుల్లలతో నెమ్మదిగా విడదీయండి. మొదట బూడిదరంగు బొచ్చు వస్తుంది. దాని మధ్య సూదుల్లాంటి పక్కటెముకలు, చిటికెనవేలి గోరంత భుజం ఎముక, అదృష్టం ఉంటే పగలని పుర్రె. పుర్రెలో ముందు పళ్లు పొడుగ్గా, వంపు తిరిగి, పసుపో నారింజో రంగులో ఉండి, వాటికీ దవడ పళ్లకీ మధ్య ఖాళీ ఉంటే అది ఎలకజాతి. సన్నటి పొడుగాటి పుర్రెకి ఖాళీ లేకుండా వరసగా వాడి పళ్లుంటే చుంచు. చిన్న గూబ ఉండలైతే ఎముకల కంటే పేడపురుగుల నల్లటి రెక్కడొప్పలు, మిడతల కాళ్లు ఎక్కువ కనిపిస్తాయి. పిల్లలున్న ఇల్లయితే ఆదివారం పూట ఈ పని వాళ్లకి అప్పజెప్పండి, టీవీ మర్చిపోతారు. తర్వాత చేతులు సబ్బుతో కడగడం మాత్రం తప్పనిసరి.

మూడో పని: పగటిపూట కాకుల సాయం తీసుకోవడం

పగలు ఒకేచోట కాకులు గుమిగూడి గొడవ చేస్తున్నాయా? ఏట్రింతలు, అంటే చీలిన తోక ఉండే నల్లపిట్టలు, ఒక కొమ్మ మీదకి దూకి దూకి వస్తున్నాయా? ఉడత తోక కొడుతూ ఆగకుండా అరుస్తోందా? ఆ కొమ్మని శ్రద్ధగా చూడండి. రాత్రి తమని వేటాడేవాడు పగలు దొరికాడని చిన్న పిట్టలన్నీ కలిసి గూబని తరిమే తంతు అది. పాము ఉన్నా, పిల్లి ఉన్నా ఇలాగే చేస్తాయి, కాబట్టి ప్రతిసారీ గూబే అనుకోకండి. కాకపోతే చెట్టు బోదెకి ఆనుకుని ఒక కొమ్మ మొద్దు అసహజంగా నిటారుగా ఉంటే, దానికి రెండు సన్నటి గీతల్లాంటి కళ్లుంటే మీ పని అయిపోయినట్టే.

నాలుగో పని: చూడటం, చూసినదాన్ని అర్థం చేసుకోవడం

దగ్గరికి పోవద్దు. ఎంత దూరంలో ఆగాలో గూబే చెబుతుంది. ఈకలు వదులుగా, కళ్లు సగం మూసి ఉంటే దానికి మీరు లెక్కలో లేరు. ఈకలన్నీ ఒంటికి అదిమి, సన్నగా పొడుగ్గా సాగి నిలబడిందంటే భయపడుతోంది, నాలుగడుగులు వెనక్కి వేయండి. రెక్కలు విప్పి, తల దించి, బుస కొడుతూ ముక్కు టకటకలాడించిందంటే మీరు ఉండకూడనంత దగ్గర్లో ఉన్నారు.

చిన్న గూబ మిమ్మల్ని చూసి తల పైకీ కిందకీ, పక్కలకీ ఊపుతుంది. చూడ్డానికి భలే నవ్వొస్తుంది గానీ అది వెక్కిరింత కాదు, కొలత. గూబ కళ్లు మన కళ్లలా గుండ్రటి గుడ్లు కావు, గొట్టాల్లా ఉంటాయి, చుట్టూ ఎముక వలయం బిగించి ఉంటుంది. కనుగుడ్డు తిప్పడం దానికి దాదాపు చేతకాదు. తలని అటూ ఇటూ జరిపి, రెండు మూడు చోట్ల నుంచి చూసి మీ దూరం లెక్క కడుతుంది. మెడ తిప్పడం కూడా అందుకే. మన మెడలో 7 ఎముకలుంటే దాని మెడలో 14 ఉంటాయి, ఒక్కో వైపుకి 270 డిగ్రీల దాకా తిప్పగలదు. మెడ గుండ్రంగా తిరిగిపోతుందన్నది మాత్రం కట్టుకథ.

కంటి రెప్పల్ని కూడా గమనించండి. రెప్ప వేసేటప్పుడు పైరెప్ప కిందికి దిగుతుంది, కునుకు తీసేటప్పుడు కిందిరెప్ప పైకి వస్తుంది. వీటికి తోడు పక్క నుంచి అడ్డంగా వచ్చే పల్చటి పొర మూడోది. పగలు దానికి కళ్లు కనపడవనేది తప్పు, బాగానే కనపడతాయి. మరీ దగ్గరి వస్తువులే సరిగా ఆనవు. పట్టిన ఎలకని ముక్కు చుట్టూ ఉండే మీసాల్లాంటి ఈకలతో తడిమి చూసుకుంటుంది.

చీకటి పడ్డాక ఎర్రకాగితం కట్టిన టార్చి వాడండి, అదీ నేరుగా ముఖం మీద కొట్టకుండా పక్కగా. ఫ్లాష్ వద్దు. తెల్లగూబ మీ మీదుగా పోతే ఒక సంగతి గమనిస్తారు: అంత పెద్ద పక్షి, రెక్కల చప్పుడే ఉండదు. రెక్క ముందంచున దువ్వెన పళ్లలాంటి నూగు, వెనకంచున కుచ్చు, పైన మఖ్మల్ లాంటి మెత్తదనం కలిసి గాలి చప్పుడు లేకుండా చేస్తాయి. దీనివల్ల ఎలకకి గూబ వినపడదు, గూబకి మాత్రం ఎలక వినపడుతుంది. తెల్లగూబ చెవులు రెండూ ఒకే ఎత్తులో ఉండవు. ఒక చెవికీ ఇంకో చెవికీ శబ్దం చేరడంలో వచ్చే తేడాని బట్టి, పూర్తి చీకట్లో కూడా గడ్డిలో కదిలే ఎలక మీద సూటిగా దిగుతుంది.

తొలకరి వాన పడ్డ రాత్రి ఇవన్నీ పక్కనపెట్టి వీధిదీపం కింద నిలబడండి. ఉసుళ్లు లేస్తాయి, వాటి కోసం చిన్న గూబలు కరెంటు తీగల మీద కాపు వేస్తాయి. గాల్లోకి ఎగిరి కాలితో పట్టి, తీగ మీద వాలి, నోటికి అందించుకుని తింటాయి. టిక్కెట్టు లేని సినిమా.

గూడు దొరికితే చోటు ఎవరికీ చెప్పకండి, ఫోటోతో పాటు లొకేషన్ అస్సలు పెట్టకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం గూబని పట్టడం, అమ్మడం నేరం. అయినా క్షుద్రపూజల పేరుతో కొనేవాళ్లున్నారు. దీపావళి ముందు ఈ వ్యాపారం పెరుగుతుందని అక్రమ రవాణా మీద నిఘా పెట్టే ట్రాఫిక్ సంస్థ హెచ్చరిస్తూనే ఉంది.

పొలం ఉన్నవాళ్లకి

వరిలో ఎలకల బెడద ఉంటే పైరు మీద నాలుగైదు అడుగుల ఎత్తు వచ్చేలా టీ ఆకారపు కర్రలు పాతండి. రాత్రి గూబ వాటి మీద కూర్చుని వేటాడుతుంది. గింజ గట్టిపడే వేళకి తీసేయండి, లేకపోతే గింజలు తినే పిట్టలు వాటిని వాడుకుంటాయి. తెల్లగూబ కోసం చెక్కపెట్టె కూడా పెట్టొచ్చు. మలేసియా పామాయిల్ తోటల్లో, ఇజ్రాయెల్ పొలాల్లో 1980ల నుంచీ ఈ పెట్టెల్ని వాడుతున్నారు. అడుగు భాగం అడుగున్నర చదరం, ద్వారం ఐదారు అంగుళాలు ఉండాలి. ద్వారం కిందిఅంచు పెట్టె అడుగు నుంచి కనీసం 45 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి, లేదంటే పిల్లలు దొర్లి కింద పడతాయి. నేలకి పన్నెండు అడుగులకి తగ్గకుండా, గాలివానకి ఎదురు లేకుండా బిగించండి. ఒక్క సీజన్‌లో రాలేదని పీకేయకండి.

ఇంత చేసి, బ్రోమాడయోలోన్ అనే ఎలకల మందు ఎర పెడితే అంతా వృథా. ఆ మందు తిన్న ఎలక వెంటనే చావదు, రోజుల తరబడి మందకొడిగా తిరుగుతుంది. గూబకి అలాంటిదే తేలిగ్గా చిక్కుతుంది, విషం గూబ ఒంట్లోకి చేరుతుంది. బొరియల్లో పొగబెట్టడం, ఎలకల్ని పట్టే బుట్టలు పెట్టించడం ముందు చేయండి. మందు తప్పదనుకుంటే చచ్చిన ఎలకల్ని రోజూ ఏరి లోతుగా పాతిపెట్టండి.

గూబ ఇంట్లోకి వస్తే, పిల్ల కింద పడితే

ముందు పెద్దవాళ్ల భయం సంగతి. గూబ దూరితే ఇల్లు కొన్నాళ్లు పాడుపెట్టాలని, శాంతి చేయించాలని అంటారు. వాదించి లాభం లేదు, శాంతి చేయించుకుంటే గూబకి వచ్చే నష్టమూ లేదు. కాకపోతే వరస తిరగబడిందని మాత్రం చెప్పి చూడండి: గూబ చేరడంవల్ల ఇల్లు పాడవదు, మనుషులు లేని నిశ్శబ్దమైన ఇంటికే గూబ చేరుతుంది. జబ్బుమనిషి ఉన్న ఇంటి దగ్గర అరిచిందంటారు. రాత్రంతా దీపం వెలిగే ఇంటికి పురుగులొస్తాయి, పురుగుల కోసం చిన్న గూబ వస్తుంది.

గదిలోకి వస్తే మొదట ఫ్యాను ఆపండి. గూబలకి సీలింగ్ ఫ్యాను రెక్కలే పెద్ద గండం. లైట్లు ఆర్పి, ఒకే ఒక్క కిటికీ బార్లా తెరిచి, తలుపు వేసి బయటికి వచ్చేయండి. పగలైతే చీకటి పడేదాకా ఆగండి, అదే పోతుంది.

అటకలోంచో డక్టులోంచో రాత్రిళ్లు పాము బుస, గురక కలిసిన చప్పుడు వస్తుంటే పాములవాడికి ఫోన్ చేసేముందు కింద రెట్ట ఉందేమో చూడండి. తెల్లగూబ పిల్లలు ఆకలికి అలాగే అరుస్తాయి. 2017లో విశాఖపట్నంలో కడుతున్న భవనంలో దొరికిన మూడు పిల్లల వీడియో చూసి గ్రహాంతరవాసులనుకున్నారు జనం. నిటారుగా నిలబడి, తెల్లటి ముఖాలతో అవి నిజంగానే అలా కనిపిస్తాయి. గూట్లో ఒకటి పెద్దగా, ఒకటి మరీ చిన్నగా ఉంటే కంగారు పడొద్దు. తల్లి రెండు మూడు రోజులకో గుడ్డు పెడుతూ మొదటి గుడ్డు నుంచే పొదుగుతుంది కాబట్టి పిల్లలు ముందూ వెనకా పుడతాయి. రెండు నెలలు ఓపిక పడితే అవే ఎగిరిపోతాయి.

కింద పడ్డ పిల్లకి దెబ్బ లేకపోతే తువ్వాలు కప్పి, గోళ్లు తగలకుండా రెండు చేతులతో పట్టుకుని గూట్లోనే పెట్టేయండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి రాదన్నది నిజం కాదు. గూడు అందకపోతే దాని కిందే ఎత్తయిన కొమ్మకి బుట్ట కట్టి అందులో ఉంచి, దూరం నుంచి చూడండి, తల్లి పిలుపుకి వస్తుంది.

దెబ్బ తగిలినదైతే కన్నాలు పెట్టిన అట్టపెట్టెలో తువ్వాలు పరిచి, పక్షిని ఉంచి మూత వేయండి. చీకటి, నిశ్శబ్దం దానికి సగం మందు. పాలు, బ్రెడ్డు, అన్నం పెట్టకండి, నోట్లో నీళ్లు పోయకండి, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. సంక్రాంతి రోజుల్లో మాంజా చుట్టుకున్న గూబలు దొరుకుతుంటాయి. దారాన్ని లాగకండి, చెట్టుకి తగులుకున్న చివర కత్తిరించి, రెక్కకి చుట్టుకున్న ముక్కని అలాగే ఉంచి డాక్టరు చేతికివ్వండి. వెంటనే అటవీ శాఖ వాళ్లకి ఫోన్ చేయండి. దాన్ని ఇంట్లో పెంచుకోవడం చట్టరీత్యా కుదరదు. కోలుకున్నాక దొరికిన చోటే, చీకటి పడ్డాక వదలమని అడగండి. పట్టపగలు వదిలితే కాకులు దాన్ని సాయంత్రం దాకా నిలవనీయవు.